అండమాను తోటలలో కొయ్యజాలకము

తెలుగువారి పెరడు పందిరి లేక శోభింపదు. బీర, పొట్ల, కాకర, చిక్కుడు, ఆనప మున్నగు పాదులన్నియు పందిరి నెక్కిననే చక్కగ కాచును. నేలపై ప్రాకినచో కాయ వంకర పోవుటయో, చెమ్మ తగిలి కుళ్ళుటయో తప్పదు. ముంగిట మల్లెకును సన్నజాజికిని గూడ ఒక ఆదరువు కావలసినదే. రాటలు నాలుగు పాతి పైన వెదురులు పఱచినచో అది పందిరి. అదే అల్లికను నేలకు నిలువుగ నిలిపినచో దడి. సన్నని కొయ్యబద్దలను చిత్రిక పట్టి, ఒకదానిపై నొకటి ఏటవాలుగనో చదరముగనో పేర్చి, చుట్టును చట్రము బిగించి నిలిపినదానిని ఆంగ్లేయులు ట్రెల్లిస్ అనిరి. మన వడ్రంగులు జాలీ యందురు. గ్రంథములలో దాని పేరు జాలకము.

చూచుటకు స్వల్పవస్తువు. కాని అండమాను ద్వీపములలో ఈ స్వల్పవస్తువు వెనుక ఒక చెఱసాల కథయు, ఒక అడవి కథయు కలవు. ఆ బద్దను కోసిన చేతు లెవరివి, ఆ కొయ్య ఏ చెట్టుది, ఆ చెట్టు ఇప్పుడెంత మిగిలియున్నది అను ప్రశ్నలు ద్వీపములలో కాపురముండు తెలుగు కుటుంబములకు పరాయివి కావు. 2011 జనాభా లెక్కల ననుసరించి ద్వీపవాసులలో నూటికి పదుమూడుగురు తెలుగు మాతృభాషగా గలవారు. వారి పెరళ్ళలో నిలిచిన ప్రతి జాలకమును ఆ కథలో ఒక చిన్న పుట.

కొయ్యకంచె మానవుని తొలి నిర్మాణములలో నొకటి. కొయ్య కాలమునకు నిలువదు. కాని దానిని చూచి చెక్కిన రాయి నిలిచినది. అమరావతి మహాచైత్యము చుట్టును నిలిపిన శిలావేదికను పరికించినవారికి ఈ సంగతి తేటపడును. నిలువు స్తంభములకు తొలులు చేసి, వానిలో సూచులను అడ్డకమ్ములను దూర్చి, పైన ఉష్ణీషమను దూలమును కప్పిన ఆ కూర్పు నిజమునకు వడ్రంగిది. రాతికి అట్టి కూర్పుతో పని లేదు. దడి కట్టుట కలవాటుపడిన చేతులు రాతిని గూడ అటులే కూర్చినవి. పడమటి దేశములలోను ఇదే తీరు. రోము నగర సమీపమున ప్రైమా పోర్టాలో, అగస్టస్ చక్రవర్తి భార్యయగు లివియా విడిది గోడలపై క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దిలో చిత్రించిన తోటకు ముందు ఒక పొట్టి జాలకపు కంచె కానవచ్చును. పదునేడవ శతాబ్దిలో ఫ్రాన్సు రాజు పదునాల్గవ లూయీ వర్సేల్సు తోటలలో జాలకపుపనిని ఒక ప్రత్యేక శిల్పముగనే పెంపొందించెను. కొయ్యబద్దలతో కమానులు, మండపములు, నడవలు లేచినవి. అచ్చట అది వైభవము. ఉష్ణదేశములకు వచ్చుసరికి అది అవసరమైనది.

అండమానులో ఇంగ్లీషువారి తొలి వలసను 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అను నౌకాధికారి చాథమ్ ద్వీపమున నెలకొల్పెను. మూడేండ్లకు అది ఉత్తర అండమానునకు తరలింపబడి, వ్యాధులకు మరణములకు తాళలేక 1796లో ఎత్తివేయబడినది. పిమ్మట అరువది యేండ్లపాటు ఆ దీవులు మరల అడవికిని ఆదివాసులకును విడువబడెను. 1857 నాటి తిరుగుబాటు అణగిన తరువాత, 1858 మార్చి 10వ తేదీన జేమ్స్ ప్యాటిసన్ వాకర్ అను వైద్యుడు 200 మంది ఖైదీలతో వచ్చి దిగెను. మొదట చాథమ్, పిదప రాస్ ద్వీపము. చదరపు కిలోమీటరులో మూడవవంతునకు మించని ఆ రాస్ ద్వీపమే ఎనుబదియేండ్లు ద్వీపములన్నింటికి రాజధాని. 2018 డిసెంబరు నుండి దానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పేరు. ఎదుట నున్న పోర్టు బ్లెయిరునకు 2024లో శ్రీ విజయపురమని పేరిడిరి.

రాస్ ద్వీపమున తొలుత చేసిన పని తోట వేయుట కాదు, అడవి నఱకుట. సంకెళ్ళతోనే ఖైదీలు చెట్లు కొట్టిరి, పొదలు కాల్చిరి, కొండ చెక్కి బాటలు వేసిరి. ఎందఱో జ్వరములకు బలియైరి. ఆ చదునైన నేలపై క్రమముగ ప్రధానాధికారి భవనము, చర్చి, రొట్టెల కొలిమి, ఆసుపత్రి, ముద్రణాలయము, బజారు, క్లబ్బులు, టెన్నిసు ఆటస్థలము, ఈతకొలను వెలసినవి. దానిని తూర్పుదేశపు ప్యారిస్ అని పొగడినవారును కలరు. పొగడినవారు అచ్చట ఉద్యోగము చేసినవారో, చూడవచ్చినవారో కాని, తోటకు నీరు మోసినవారు మాత్రము కారు. వంటవాడు, తోటమాలి, వడ్రంగి, బోయీ – అధికారుల ఇండ్లలో ఊడిగము చేసినవారందఱును ఖైదీలే. సముద్రమున కావలిగట్టున ఫీనిక్స్ బే కార్ఖానాలలో కమ్మరము, వడ్రంగము చేసినవారును ఖైదీలే. చేతిపని తెలిసినవాని శిక్ష ఆ విధముగ కొంత తేలికయయ్యెడిది. తెలియనివాడు అడవికిగాని రాతిగనికిగాని పోవలసివచ్చెడిది.

ఆ కాలపు బంగళాలకు నాలుగు వైపుల వసారా ఉండుట భారతదేశమంతట వాడుక. వసారాకు గోడ పెట్టినచో గాలి రాదు. పెట్టనిచో ఎండయు జల్లును నేరుగ లోనికి వచ్చును. పైగా ఇంటిలోనివారు వీధివారికి కనబడుదురు. ఈ మూడు చిక్కులకు ఒకటే విరుగుడుగ కొయ్యజాలకము వచ్చినది. బెంగుళూరు పాత బంగళాల ముంగిళ్ళలో చూరు క్రింద కానవచ్చు మొనదేలిన జాలకపుపని ఈ కోవలోనిదే. అండమానులో దీని ఉపయోగము ఇనుమడించెను. అచ్చట ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. మే నుండి నైరృతి ఋతుపవనము, అది వెనుదిరిగిన పిదప ఈశాన్యము – ఆఱేడు నెలలకు తక్కువ కాకుండ వాన కురియును. గాలి వీచినపుడు పలకగోడ దెబ్బ తినును. జాలకము గాలిని విడిచి జల్లును చీల్చును. దానిపై తీగ నెక్కించినచో ఎండకు తెర, కంటికి పచ్చదనము. కనుక దొరల బంగళాలలో పుట్టిన ఈ పద్ధతి కాలక్రమమున గుమాస్తాల ఇండ్లకును, విడుదలయై అచ్చటనే సేద్యము చేసికొని కాపురములు పెట్టిన ఖైదీల ఇండ్లకును దిగివచ్చుట వింతకాదు. అయితే అచ్చట వెదురును, అడవి బెత్తమును బద్దకు బదులు వాడిరి. పని ఒకటే, వెల వేఱు.

ఇక కొయ్య సంగతి. అండమాను చెట్లలో రాజు పడాకు. ఇది బర్మా భాష నుండి వచ్చిన పేరు. అచ్చటి కలపలలో పిన్మా, కోకో, డిడు, థిట్మిన్ మున్నగు పేర్లు కూడ అట్టివే. ఆ పేర్లే నిలిచినవి. పడాకునకు వృక్షశాస్త్రమున నున్న పేరు టెరోకార్పస్ డాల్బెర్జియాయిడిస్. ఆ పేరు పెట్టిన విలియం రాక్స్‌బర్గు తెలుగువారికి క్రొత్తవాడు కాడు. ఈయన 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారిగ పోవుటకు ముందు గోదావరి సీమలోని సామర్లకోటలో చాలకాలము పనిచేసి, అచ్చటి చెట్టుచేమలను చిత్రింపజేసి, 1795 నుండి వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున వాని తెలుగు పేర్లను గూడ పొందుపఱచిన పండితుడు. పడాకు కూడ తెలుగుదేశపు చెట్లకు దాయాదియే. కడప, చిత్తూరు కొండలలో పెరుగు ఎఱ్ఱచందనము, మన్యములలో పెరుగు వేగిస, అండమాను పడాకు – ఈ మూడును ఒక్క టెరోకార్పస్ కుటుంబమునకు చెందినవి. వేగిస దూలముల యింటిలో పెరిగినవాడు పడాకు పలకను చేతబట్టినపుడు ఎక్కడనో ఎఱిగిన కొయ్యవలె తోచినచో అందు తప్పు లేదు.

1883వ సంవత్సరము ఈ కథలో మలుపు. ఆ యేడు ద్వీపములలో అడవిశాఖ ఏర్పడినది. చాథమ్ ద్వీపమున ఆవిరి రంపపు మిల్లు నెలకొన్నది. ఆసియాలోని ప్రాచీనములగు రంపపు మిల్లులలో నొకటిగ దానికి నేటికిని పేరు. అడవిలో కూల్చిన మానులను ఏనుగులు ఈడ్చుకొని వచ్చెడివి. అచ్చటినుండి నీటిమార్గమున అవి చాథమునకు చేరెడివి. ఏనుగులను సైతము ఓడలలో తెప్పింపవలసివచ్చినది. ద్వీపములలో అవి స్వభావసిద్ధముగ లేవు. కూలీల కొఱత తీరుటకు 1918 నుండి ఛోటానాగపూరు నుండి జనులను, 1925లో బర్మా నుండి కరెన్ కుటుంబములను రప్పించిరి. పడాకు కలప కలకత్తాకును, లండనునకును, అమెరికాకును పోయెను. ఎఱ్ఱని చాయచేత అమెరికా వర్తకులు దానికి సిందూరపు కొయ్య యను అర్థమిచ్చు పేరు పెట్టుకొనిరి. ఊడపలకలవలె చెట్టు మొదట విస్తరించు వేళ్ళ దిమ్మెల నుండి అతుకు లేని నిండు బల్లలను చేయుట పోర్టు బ్లెయిరు వడ్రంగుల ప్రత్యేకత.

అయితే జాలకమునకు ఏ కొయ్య మేలు? వడ్రంగి నడిగినచో సంశయింపక పడాకు అనును. అతని మాటలో నిజము కలదు. చేవదేలిన పడాకును చెదలు ముట్టవు. వాననానినను అది వంకర పోదు, పగులదు. సన్నని బద్దకు కావలసిన మొదటి గుణము ఇదియే. తలుపు చెక్క వంగినచో చిత్రిక పట్టి సరిచేయవచ్చును. అంగుళమున్నర వెడల్పు గల బద్ద వంగినచో జాలకమంతయు నోరు తెఱచును. దాని రంగు మాత్రము మోసపుచ్చును. కోసిన దినమున గులాబి మొదలు రక్తవర్ణము వఱకు ఎన్ని చాయలో! ఎండకు రెండేండ్లు నిలిచిన పిదప అన్నియు ఒక్క గోధుమవన్నెకు దిగును. ఎఱ్ఱదనమును చూచి వెల యెక్కువ పెట్టి కొన్నవాడు తోటలో దానిని నిలిపి లాభము పొందజాలడు. ఎఱుపునకు చోటు ఇంటిలోపల. బయటికి చేవ చాలును.

గర్జను మాను ఎత్తైనది, విరివిగ దొరకునది. కాని దానికి మందు పట్టింపక నేల తాకింపరాదు. రైలుమార్గపు అడ్డదిమ్మలకు క్రియోసోటు పట్టించి వాడిరి. ఎండకు జిగురు కాఱుట దాని మఱియొక దోషము. తీగ కట్టబోయిన చేతికి అంటును. పిన్మా నావలకు వాడిన కొయ్య, మధ్యరకము, పడాకు దొరకనిచోట పనికివచ్చును. తెల్ల చుగ్లమును ఇంగ్లండులో వెండివన్నె కొయ్యగ పిలిచి గదులకు తాపించిరి. దాని అందము నీడపట్టున నిలుచును, వానలో నిలువదు. నలుపు బూడిద చారలు గల పాలరాతికొయ్యను తోటలో వాడబూనుట పట్టుచీరతో పేడ ఎత్తుట వంటిది. అది తుమికి జాతి, కఱ్ఱలకు పెట్టెలకు తగినది. కోకో యన మన దిరిసెనయే. పపీతా, డిడు కొయ్యలు మెత్తనివి; అగ్గిపుల్లలకు, సరకుల పెట్టెలకు పోయెడివి. పెట్టెచెక్కలు చవుకగ దొరకునని వానితో జాలకము కట్టినవారు ఒక వానకాలములోనే ఫలమనుభవింతురు.

కొయ్య యేదైనను దానిలో చేవ వేఱు, తెల్లచెక్క వేఱు. ఇది మఱచినచో పడాకు కూడ రక్షింపదు. చెదలు తెల్లచెక్కను తినును. బద్ద అంచున వ్రేలెడు తెల్లచెక్క మిగిలినచో అదే వానికి ద్వారము. కనుక బద్దలు కొనువారు రంగును చూచుటకంటె అంచులను చూచుట మేలు. రెండవది మేకు. సముద్రపు గాలిలో ఉత్త ఇనుపమేకు త్రుప్పుపట్టి, త్రుప్పుతో ఉబ్బి, బద్దను చీల్చును. పాతకాలపు వడ్రంగులు కొయ్యసీలలతోనో, రాగి ఇత్తడి మేకులతోనో బిగించినది డాబుకొఱకు కాదు. మూడవది కాలు. జాలకపు చట్రము నేలను తాకరాదు. రాతిదిమ్మపైనో, ఇనుపపట్టాలోనో నిలుపవలెను. గోడకు ఆనించి నిలిపినచో రెండు మూడంగుళముల సందు విడువవలెను. లేనిచో గోడయు తడియును, కొయ్యయు కుళ్ళును. ఇవి చిన్న మాటలే కాని, వీనిలో ఒక్కటి తప్పినచో ఎంత చేవగల కొయ్య తెచ్చియు ప్రయోజనము లేదు.

బద్దల నడుమ సందు ఎంత యుండవలెననుట తీగను బట్టి యుండును. శంఖపుష్పము, చిక్కుడు వంటివి నాలుగంగుళముల గడిలో తేలికగ మెలివేసికొని యెక్కును. మల్లె, సన్నజాజి తమంత తాము అంటుకొనలేవు. వానిని నారతో కట్టవలెను. రాధామనోహరము బలిసినకొలది బరువగును. కాగితపుపూల చెట్టు అంతకంటె మొండిది, ముండ్లతో బద్దలను పెకలించును. ఈ రెంటికి జాలకముతో బాటు గట్టి గుంజయు కావలెను. ఆనప, గుమ్మడి కాయల బరువునకు నిలువు జాలకము చాలదు. పాదును దానిపై నెక్కించి తల మాత్రము పందిరిపైకి మళ్ళించుట ద్వీపములలోని తెలుగువారు స్వస్థలము నుండి తెచ్చుకొన్న తెలివి. నేల నుండి మొక్కను పైకెత్తుటకు అచ్చట మఱియొక కారణమును కలదు. ఆఫ్రికా నుండి వచ్చిన పెద్దనత్త ద్వీపముల తోటలకు పీడ. రెండవ ప్రపంచ యుద్ధకాలమున జపానువారితో అది వచ్చినదని చెప్పుదురు. రాత్రులందు బయలుదేఱి లేతమొక్కలను మొదలంట కొఱికివైచును. ఇంగ్లీషువారు వేటకొఱకు తెచ్చి విడిచిన చుక్కలదుప్పి కూడ, పులి లేని దీవులలో ఇష్టము వచ్చినట్లు పెరిగి, ఎన్నోచోట్ల చిగురు మిగులనీయదు. దడియు జాలకమును ఈ రెంటి నుండి కొంత కాపాడును.

ఈ కొయ్యకును తెలుగుదేశమునకును గల సంబంధము మఱియొకటి యున్నది. అది చెప్పుటకు సుఖమైనది కాదు. 1879-80లో గోదావరి మన్యమున రంప పితూరీ లేచినది. కల్లుపన్ను, అడవిపై హక్కులు పోవుట, మునసబుదారుని దౌర్జన్యము దానికి మూలములు. పితూరీ అణగిన పిదప అందు పాల్గొన్న పలువురిని అండమానునకు పంపిరి. 1882లో మద్రాసు అడవుల చట్టము వచ్చి మన్యపువారి పోడును, కట్టెపుల్లను గూడ లెక్కలోనికి తెచ్చినది. నలువదియేండ్లకు, 1922లో, అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మరల పోరు లేచినది. 1924లో రాజు మరణించెను. ఆయన అనుచరులలో గాం మల్లుదొరకు మొదట మరణశిక్షయు, పిదప ద్వీపాంతరవాసమును విధింపబడెను. అడవి మాదియని పోరాడినవారిని అడవి నఱకుటకై నెలకొల్పిన వలసకే పంపుట ఆనాటి ప్రభుత్వమునకు వింతగ తోచలేదు. మన్యములలో వేగిస చెట్టు కొట్టరాదని నిషేధించిన ప్రభుత్వమే, సముద్రమున కావల దాని దాయాది చెట్టును కొట్టించి ఓడల కెక్కించినది. అండమాను నుండి తిరిగివచ్చినవారు కొందఱే. మల్లుదొర తిరిగి వచ్చి, 1952 ఎన్నికలలో విశాఖపట్టణము నుండి తొలి లోకసభకు ఎన్నికయ్యెను.

రాస్ ద్వీపపు వైభవము చివరకు రెండేండ్లలో ముగిసినది. 1941 జూన్ 26వ తేదీన పెద్ద భూకంపము వచ్చెను. 1942 మార్చి 23న జపాను సేనలు ద్వీపములలో దిగెను. అంతకు ముందే చాథమ్ మిల్లుపై బాంబు పడినది, ఆ గుంత నేటికిని చూపుదురు. మూడున్నర యేండ్ల ఆ కాలమున ప్రజలు హింసను, ఆకలిని చవిచూచిరి. ఓడలు రానందున బియ్యము కరవయ్యెను. పెరటిలో పండిన చిలగడదుంప, కాయగూర ప్రాణాధారములైనవి. అలంకారము కొఱకు తీగ పెంచు మాట ఎవరి నోటను లేదు. 1945లో ఇంగ్లీషువారు తిరిగివచ్చిరి కాని రాస్ ద్వీపమున మరల కాపురముండలేదు. ఇండ్ల కొయ్య కొంత తరలిపోయెను, కొంత కుళ్ళెను. ఇప్పుడు అచ్చట జువ్వి మఱ్ఱి జాతుల వేళ్ళు ఇటుకగోడలను నలువైపుల పెనవేసికొని, గడిగడిగ అల్లుకొని, చర్చి గోడలను ప్రధానాధికారి భవనపు గోడలను తామే పట్టి నిలిపినట్లు నిలిచియున్నవి. 1979 నుండి ఆ ద్వీపము నౌకాదళపు అధీనమున నున్నది. చూడవచ్చినవారు ఆ వేళ్ళ నడుమ నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొందురు.

స్వాతంత్ర్యానంతరము ద్వీపములకు క్రొత్తవారు వచ్చిరి. 1949 నుండి తూర్పు బెంగాలు శరణార్థులకు అడవి కొట్టి భూము లిచ్చిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరముల నుండి బెస్తవారు, కూలిపనివారు వచ్చిరి. వారి వెనుక చిన్న వర్తకులు, ఉపాధ్యాయులు, కేంద్రప్రభుత్వ శాఖల ఉద్యోగులు వచ్చిరి. పోర్టు బ్లెయిరులో నాటి సర్కారీ యిండ్లు చాలవఱకు కొయ్యవి. కొయ్యస్తంభములపై నిలిచి, పైన రేకుకప్పు గలవి. గోడకే కొయ్య వాడిన ఊరిలో పెరటి జాలకమునకు కొయ్య వెదకికొనుట కష్టము కాలేదు. మిల్లులో మిగిలిన తునకలు, అంచుపలకలు దానికి చాలినవి. కూరగాయలు చాలవఱకు ఓడపై రావలసిన చోట పెరటి పాదునకు ఎంత విలువయో అచ్చట నివసించినవారే ఎఱుగుదురు. ఓడ నాలుగు దినములు ఆలస్యమైనచో బజారులో బంగాళాదుంప తప్ప మఱియొకటి దొరకని దినములుండెడివి. అట్టి దినమున పెరటి జాలకముపై వ్రేలాడు రెండు బీరకాయలు ఇరుగుపొరుగులకు గూడ పంచబడెడివి. గోంగూర మడి, కరివేపచెట్టు, బచ్చలి తీగ – ఈ మూడును ఉన్న పెరడు ఎవరిదని వేఱే విచారింప నక్కఱలేదు.

అడవి మాత్రము అట్టె తరుగుచు వచ్చినది. కలప దింపు బాటలు జారవాల నివాసములలోనికి చొచ్చుకొనిపోయినవి. ఉభయపక్షముల ప్రాణములు పోయినవి. 1956లో ఆదివాసుల రక్షణ నిబంధన వచ్చి, మరుసటి యేడు జారవాలకు ప్రత్యేకారణ్యము నిర్ణయింపబడినను, దాని నడుమనుండియే గొప్ప రహదారి సాగినది. చివరకు, శేఖర్ సింగ్ కమిషను నివేదికపై, సర్వోన్నత న్యాయస్థానము 2002 మే 7వ తేదీన ఉత్తర్వులిచ్చెను. ఆదివాసుల అరణ్యములలో చెట్టు కొట్టరాదని, ఇతరచోట్ల కొట్టినదైనను ద్వీపవాసుల అవసరములకే పరిమితము కావలెనని దాని సారాంశము. చాథమ్ మిల్లు మూతపడలేదు. చేయు పని మాత్రము మిక్కిలి తగ్గినది. 8,249 చదరపు కిలోమీటర్ల ద్వీపములలో నూటికి ఎనుబది పాళ్ళకు మించి నేటికిని అడవి యున్నది. కాని నూఱేండ్లు ఎన్నియెన్ని పడాకు మానులు కూలినవో, ఆ అడవిలో పెద్ద పడాకులు అంత తక్కువగ కనబడును. ఇది ద్వీపముల రాజవృక్షమని ప్రకటింపబడిన చెట్టు.

దీనికి మఱునాడే అనదగినట్లు 2004 డిసెంబరు 26 నాటి భూకంపము, సునామీ వచ్చినవి. దక్షిణ అండమాను తీరము ఇంచుమించు ఒక మీటరు క్రుంగి, పల్లపు పొలములలోనికి ఉప్పునీరు చొచ్చినది. ఉప్పునీరు నిలిచిన పెరళ్ళలో పాదులు చచ్చినవి. కొందఱు మట్టి తెచ్చి ఎత్తైన మడులు కట్టి, తొట్లలో పాదులు పెట్టి, జాలకములపై నెక్కించుకొనిరి. నేల పాడైనపుడు నిలువుతోట ఆదుకొనిన సందర్భమిది.

నేడు అండమానులో తోట జాలకము కట్టింపదలచినవాడు ఏమి చేయవలెను? క్రొత్త పడాకు కోయించుట సులభమును కాదు, అంత మెచ్చదగినదియును కాదు. అందులకు మార్గములు లేకపోలేదు. పాత కొయ్యయిండ్లు విప్పినపుడు దొరకు ద్వారబంధములు, కిటికీ చట్రములు, మెట్ల పలకలు బద్దలుగ చీల్చుటకు దివ్యమైనవి. అరువది డెబ్బది యేండ్లు ఆరిన పడాకు క్రొత్తదానికంటె నెమ్మదిగ నిలుచును. పాతమేకులు రంపమునకు అడ్డుపడునని వడ్రంగి సణుగును. సణుగనిండు, ఆ పని అతనికి తెలియును. అంతకంటె చవుక వెదురు. వెదురుదడి రెండు మూడేండ్లకు మాఱ్చవలసినదే యైనను, మాఱ్చుట ఒక పూట పని. నూతన గృహములలో ఇనుప జల్లెడయు, ప్లాస్టిక్ వలయు వచ్చినవి. వానిపై తీగ యెక్కును; కాని ఇనుము మధ్యాహ్నమున కాలి లేతచివురును మాడ్చును, ప్లాస్టిక్ ఎండకు పెళుసై విఱుగును. కొయ్యకు ఈ రెండు గుణములును లేవు.

ఉద్యోగికి బదిలీ తప్పదు. 2002కు ముందు అండమాను నుండి తిరిగి వచ్చిన ప్రతి సంసారమును ఒక పడాకు మంచమో, బల్లయో, భోషాణమో ఓడ కెక్కించుకొని వచ్చుట వాడుక. మద్రాసు, విశాఖ రేవులలో కూలీలు వాని బరువునకు నొచ్చుకొనెడివారు. ఆ పెట్టెలు నేటికిని ఎన్నో తెలుగు ఇండ్లలో నలుపెక్కి నిలిచియున్నవి. జాలకమును మాత్రము ఎవరును వెంట తెచ్చుకొనలేదు. అది క్వార్టరుతో బాటు తరువాతి కుటుంబమునకు అప్పగింపబడెడిది, దానిపై కాయుచున్న చిక్కుడు పాదుతో సహా. ఆ వచ్చినవారు బెంగాలీలైనచో చిక్కుడు తీసివేసి పొట్లపాదు పెట్టుదురు. తమిళులైనచో మల్లె పెట్టుదురు. తెలుగువారైనచో ముందు గింజలు కోసి, మఱుసటి పంటకు దాచుకొని, పిదప బద్దలకు నూనె రాయుదురు.